మిద్దె మీద దేంట్లో పెంచాలి? నెల్లూరు, ఒంగోలు ఎండకూ ఉప్పు నీళ్లకూ సరిపోయే ఎంపిక

మిద్దె తోట మొదలుపెట్టాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఏ మొక్కలు వేయాలి?" అని. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది దేంట్లో వేయాలన్నది. వేసిన మొక్క నచ్చకపోతే వచ్చే సీజనుకు మార్చుకుంటాం. తొట్లు, సంచులు, డ్రమ్ములు మాత్రం ఒకసారి కొని, మేడెక్కించి, మట్టి నింపాక మార్చడం పెద్ద పని. డబ్బూ దండగ, నడుమూ పోతుంది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ ఎంపిక ఇంకా జాగ్రత్తగా చేయాలి. మే నెలలో ఎండ నలభై డిగ్రీలు దాటడం మనకు మామూలే. తీరం వెంబడి చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఇక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు, తుఫాన్లు. హైదరాబాదు, బెంగళూరు మిద్దెల మీద బాగా పనిచేసిన పద్ధతులను యథాతథంగా ఇక్కడ దించితే ఈ మూడింటిలో ఏదో ఒకటి దెబ్బ కొడుతుంది.

ముందు మీ నీళ్లు చూడండి

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. మున్సిపల్ కుళాయి నీళ్లు మొక్కలకు కూడా సరిపడా వచ్చే ఇల్లయితే మీకు సగం టెన్షన్ లేనట్టే. బోరు మీద ఆధారపడితే మాత్రం ఏదీ కొనకముందే ఒక టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగి ఉన్న లవణాలను చూపేది) తెచ్చి నీళ్లు కొలవండి. చిన్న పెన్నులా ఉంటుంది, ఖరీదు తక్కువే. లీటరుకు 450 మిల్లీగ్రాముల లోపు చూపిస్తే ఏ మొక్కకైనా పోయవచ్చు. 450 నుంచి 2000 మధ్య ఉంటే జాగ్రత్తలు తీసుకుని పెంచవచ్చు. 2000 దాటితే ఆ నీళ్లతో కూరగాయలు పండించడం కష్టం. చిక్కుడు, ఉల్లి, క్యారెట్, నిమ్మ ఉప్పుకు తొందరగా దెబ్బతింటాయి. పాలకూర, అలసంద కాస్త ఓర్చుకుంటాయి.

పొలంలో అయితే వానకు ఉప్పు కిందికి దిగిపోతుంది. కుండీలో అలా కాదు. రోజూ పోసే నీళ్లు ఆవిరైపోతాయి, వాటిలోని ఉప్పు మాత్రం మట్టిలో మిగిలిపోతుంది. కుండీ ఎంత చిన్నదైతే ఆ ఉప్పు అంత తొందరగా పేరుకుంటుంది. ఆకుల కొనలు ఎండిపోయి గోధుమరంగులోకి తిరిగితే చాలామంది ఎరువు తక్కువైందనుకుని ఇంకాస్త వేస్తారు. అసలు కారణం చాలాసార్లు ఈ ఉప్పే. ఎరువులోనూ లవణాలుంటాయి కాబట్టి మొక్క పరిస్థితి ఇంకా దిగజారుతుంది.

దీనికి మందు రెండు రకాలు. ఒకటి, తొట్టి పెద్దది తీసుకోవడం. రెండు, రెండు మూడు వారాలకోసారి అడుగు రంధ్రాల్లోంచి బాగా కారేదాకా నిండుగా నీళ్లు పోసి ఉప్పును కడిగేయడం. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లను "వృథా ఎందుకు" అని మొక్కలకు పోసేవాళ్లు మన ఊళ్లలో చాలామంది. బోరు నీళ్లలో ఉన్న ఉప్పంతా ఇంకా చిక్కగా చేరేది వాటిలోనే. వాటిని బండలు కడగడానికి వాడండి. ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లు అందుకు పూర్తిగా భిన్నం, వాటిలో ఉప్పన్నదే దాదాపు ఉండదు. సముద్రపు తేమ ఉన్న మన గాలిలో ఏసీ నడిస్తే ఒక రాత్రికి బకెట్టులో బాగానే చేరతాయి. బాల్కనీలో నాలుగు కుండీలున్నవాళ్లకు ఎండాకాలంలో అవి నిజంగా వరం.

తర్వాత మిద్దె ఎంత మోస్తుందో

తడిసిన మట్టి బరువు ఊహకు అందదు. అడుగు మందం తడి మట్టి పరిస్తే చదరపు మీటరుకు దాదాపు 500 కిలోలు. మనుషులు తిరిగే మిద్దెకు భవన ప్రమాణాలు (ఐఎస్ 875) లెక్కలోకి తీసుకోమనే అదనపు బరువు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోలే. మూడు రెట్లకు పైగా తేడా. అందుకే ఏం పెట్టినా ఉత్త మట్టి ఒక్కటే నింపకూడదు. ఎర్రమట్టి ఒక వంతు, చివికిన పశువుల ఎరువు లేదా వర్మి కంపోస్టు ఒక వంతు, కోకోపీటూ (కొబ్బరి పీచు పొట్టు) పాతబడిన ఊకా కలిపి ఒక వంతు వేస్తే బరువు బాగా తగ్గుతుంది. రైస్ మిల్లులు ఎక్కువగా ఉన్న నెల్లూరులో ఊక దొరకడం కష్టం కాదు. మిల్లు బాయిలరు బూడిద కూడా దొరుకుతుంది కానీ దానికి క్షారగుణం ఎక్కువ, పిడికెడు మించి వేయకండి. కోకోపీటు దిమ్మెను నానబెట్టి, ఒకటి రెండుసార్లు మంచి నీళ్లతో కడిగి పిండాకే కలపాలి, దానిలోనూ ఉప్పుంటుంది. ఒంగోలు చుట్టుపక్కల తేలిగ్గా దొరికే నల్లరేగడి పొలానికి మంచిదే గానీ తొట్టికి పనికిరాదు. వానకు బంకలా పట్టుకుంటుంది, ఎండకు నెర్రెలిస్తుంది.

బరువైనవేవైనా పిల్లర్ల మీద, బీముల వెంబడి పెట్టాలి. స్లాబు నడిమధ్యలో వద్దు.

ఎండ, గాలి

ఎండాకాలం మధ్యాహ్నం పడమటి నుంచి వచ్చే వడగాలి ఆకును మాత్రమే కాదు, వేరునూ కాలుస్తుంది. నల్లటి ప్లాస్టిక్ తొట్టి గోడను మే నెలలో రెండు గంటలకు ముట్టుకుని చూడండి, లోపలి వేరు పరిస్థితి అర్థమవుతుంది. కాబట్టి తొట్టి రంగు అందం కోసం చూసుకునే విషయం కాదు.

ఇక తుఫాను గాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను నెల్లూరు తీరానికి దగ్గరగా పైకి కదిలి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి గాలిలో పిట్టగోడ మీది కుండీ కింద నడిచేవాళ్ల తల మీద పడగలదు. ఏ రకం కొన్నా సరే, పిట్టగోడ మీదా, బాల్కనీ రెయిలింగు బయటి వైపూ పెట్టకండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

పక్కపక్కన పెట్టి చూస్తే

| రకం | మే ఎండలో | ఉప్పు నీళ్లతో | బరువు | తుఫాను గాలికి | మన్నిక |
|---|---|---|---|---|---|
| మట్టి కుండీ | వేరు చల్లగా ఉంటుంది, నీళ్లు తొందరగా ఆరతాయి | గోడ మీద తెల్లగా ఉప్పు తేలుతుంది | మధ్యస్థం | పడితే పగులుతుంది | పగలనంత కాలం |
| ప్లాస్టిక్ కుండీ, బకెట్టు | లేత రంగైతే పర్వాలేదు | కడగడం తేలిక | తక్కువ | చిన్నవి ఎగిరిపోతాయి | నాసిరకం రెండేళ్లకే పెళుసు |
| గ్రో బ్యాగ్ (మొక్కల సంచి) | బయట తెలుపుంటే బాగుంటుంది | పెద్ద సైజైతే బాగు | తక్కువ | తడిగా ఉంటే నిలుస్తుంది | మందంగా ఉంటే మూడు నాలుగేళ్లు |
| రొయ్యల థర్మకోల్ పెట్టె | అన్నిటికన్నా చల్లన | కడగవచ్చు | చాలా తక్కువ | అంచులు విరుగుతాయి | ఒకటి రెండేళ్లు |
| సగం డ్రమ్ము | మట్టి ఎక్కువ, తట్టుకుంటుంది | అన్నిటికన్నా మేలు | ఎక్కువ | కదలదు | చాలా ఏళ్లు |
| సిమెంటు తొట్టి | గోడ బాగా వేడెక్కుతుంది | పర్వాలేదు | చాలా ఎక్కువ | కదలదు | చాలా ఏళ్లు |

గ్రో బ్యాగ్: సైజులోనే ఉంది అంతా

ఎక్కువమంది కొనేవి ఇవే. మడిచి తెచ్చుకోవచ్చు, అద్దె ఇల్లు మారినా వెంట తీసుకుపోవచ్చు. కానీ తొమ్మిది అంగుళాల సంచులు ఇరవై కొని, ఏప్రిల్ కల్లా సగం మొక్కలు పోగొట్టుకుని, "మన ఊరికి తోట కుదరదు" అని వదిలేసినవాళ్లు చాలామంది. లెక్క చూడండి: తొమ్మిది అంగుళాల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న సంచిలో పట్టేది సుమారు 9 లీటర్ల మట్టి. పదిహేను అంగుళాల వెడల్పు, ఎత్తు ఉన్నదానిలో సుమారు 43 లీటర్లు. అంగుళాలు ఆరే పెరిగాయి, మట్టి నాలుగు రెట్లు దాటింది. నీటిని పట్టి ఉంచేదీ, వేడిని ఆపేదీ, ఉప్పును పలచన చేసేదీ ఆ మట్టే.

నా మాట వింటే చిన్నవి ఇరవై కొనే డబ్బుతో పెద్దవి ఆరు కొనండి. టమాటా, వంకాయ, మిరప, బెండకు పదిహేను అంగుళాలది. ఆకుకూరలకు వెడల్పు ఎక్కువగా ఉండి ఎనిమిది, తొమ్మిది అంగుళాల లోతున్నది. బయట తెలుపు, లోపల నలుపు ఉన్నవే తీసుకోండి. మందం 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) పైన ఉండాలి. పలచటి నల్ల పాలిథిన్ కవర్లు నర్సరీలో నారుకు సరిపోతాయి గానీ మన మిద్దె మీద ఒక వేసవి దాటవు. ఈ మధ్య గుడ్డలాంటి బట్ట సంచులు బాగా అమ్ముతున్నారు. వాటికి అన్ని వైపులా గాలి ఆడుతుంది, వేరు బాగా పెరుగుతుందన్నదీ నిజమే. కానీ అదే కారణంగా నీళ్లు కూడా అన్ని వైపుల నుంచీ ఆరిపోతాయి. చల్లటి ఊళ్లకు అవి మంచివి, మన వడగాలికి కాదు.

తేలిక మిశ్రమంతో నింపి తడిపిన పదిహేను అంగుళాల సంచి దాదాపు 40 కిలోలు తూగుతుంది. చదరపు మీటరుకు మూడింటికి మించి పెట్టకపోతే స్లాబు గురించి దిగులు ఉండదు. కింద ఇటుకలో, స్టాండో వేసి రెండు మూడు అంగుళాలు ఎత్తులో ఉంచండి. సంచి అడుగు నేలకు అతుక్కుపోతే ఆ తడి స్లాబులోకి దిగుతుంది. ఊడ్చడానికీ వీలుండదు.

రొయ్యల పెట్టెలు: మన జిల్లాల అదృష్టం

ఇది మిగతా ఊళ్లవాళ్లకు అంత సులువుగా దొరకదు. నెల్లూరు, కావలి, ఒంగోలు, కొత్తపట్నం వైపు చేపలు, రొయ్యల వ్యాపారం ఉన్నచోట ఐసు వేసి పంపే థర్మకోల్ పెట్టెలు పాతవి చౌకగా ఇచ్చేస్తారు. ఐసు కరగకుండా ఆపే గోడే వేరుకు ఎండ తగలకుండా ఆపుతుంది. ఆకుకూరలకు దీనికన్నా మంచిది నాకు కనిపించలేదు. తోటకూర, పాలకూర, కొత్తిమీర, మెంతికూర ఎండ పెరిగే రోజుల్లో కూడా ఇందులో మరికొన్ని వారాలు నిలుస్తాయి.

రెండు పనులు తప్పకుండా చేయాలి. పెట్టెను రెండు మూడుసార్లు మంచి నీళ్లతో కడిగి ఎండబెట్టాలి, లేకపోతే ఉప్పు, నీచు వాసన పోవు. వాసనకు పిల్లులూ వస్తాయి. అడుగున పది పన్నెండు రంధ్రాలు చేయాలి. థర్మకోల్ ఎండకు పొడిపొడిగా రాలుతుంది. ఆ పొడి మట్టిలో కలవకుండా, గాలికి ఎగరకుండా బయటి వైపు తెల్ల ఎమల్షన్ రంగు వేయండి. నీటితో కలిపే రంగే వాడాలి, టర్పెంటైన్ కలిపినది థర్మకోల్‌ను తినేస్తుంది. రంగు వేసినా రెండేళ్లకు మించి ఆశించకండి. రాలడం మొదలైన పెట్టెను వెంటనే తీసేయండి.

సగం డ్రమ్ము: తీగలకు, పండ్లకు

200 లీటర్ల నీలం డ్రమ్మును అడ్డంగా కోస్తే రెండు తొట్లు. ఒక్కోదానిలో దాదాపు 100 లీటర్లు పడుతుంది. బీర, కాకర, సొర, దొండ పందిరికీ, నిమ్మకూ, జామకూ, కుండీ మునగకూ ఇదే సరి. పొదలకూరు నిమ్మతోటలు చూసి మిద్దె మీద ఒక నిమ్మ పెంచాలనుకోని వాళ్లు నెల్లూరులో తక్కువ. సంచిలో అది మొదటి ఏడాది పచ్చగా ఉండి తర్వాత నిలిచిపోతుంది, డ్రమ్ములో అయితే కాపుకొస్తుంది. బోరు నీళ్లు ఉప్పుగా ఉంటే నిమ్మ జోలికి వెళ్లకండి, డ్రమ్ము కూడా దాన్ని కాపాడలేదు.

కొనేటప్పుడు డ్రమ్ములో అంతకుముందు ఏముండేదో అడగండి. రొయ్యల చెరువులకు వాడే రసాయనాలు, యాసిడ్, బ్లీచింగ్ వచ్చిన డ్రమ్ములు కూడా పాత సామాన్ల అంగళ్లలో వరుసగా కనిపిస్తాయి. ఏముండేదో అమ్మేవాడు చెప్పలేకపోతే తీసుకోవద్దు. తేలిక మిశ్రమంతో నింపినా తడిస్తే ఒక్కోటి 90 కిలోలు దాటుతుంది కాబట్టి పిల్లరు మీదే దాని చోటు. చీమకుర్తి గ్రానైట్ ముక్కలు దొరికితే మూడింటిని కింద కాళ్లుగా పెట్టండి, నీళ్లు నిలవవు, తుప్పూ పట్టవు.

మట్టి కుండీ, ప్లాస్టిక్, సిమెంటు

మట్టి కుండీ గోడ నుంచి నీరు ఊరుతూ ఆవిరవుతుంది కాబట్టి వేరు చల్లగా ఉంటుంది. మల్లె, కనకాంబరం, తులసికి అది బాగా నచ్చుతుంది. కానీ మే నెలలో రెండు పూటలా నీళ్లు పోయాలి. ఊరికి వెళ్తే అంతే సంగతులు. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండి, నీళ్లు మంచివైతేనే ఇది.

ప్లాస్టిక్ కుండీ బాల్కనీకి. లేత రంగుది, కనీసం పన్నెండు అంగుళాలది. పాత పెయింటు బకెట్టుకు అడుగున రంధ్రాలు చేసినా సరిపోతుంది, బాగా కడగాలి.

సిమెంటు తొట్టిని మిద్దె మీదికి ఎక్కించమని నేను చెప్పను. నేల మీద గేటు పక్కన పెట్టుకోవడానికి బాగుంటుంది. కొత్తదాన్ని వారం పది రోజులు నీళ్లతో నింపి, రోజూ మార్చి, ఆ తర్వాతే మట్టి వేయాలి. ఇటుకలతో స్లాబు మీదే కట్టే మడులు కూడా ఇంతే: ఇంజనీరు చూసి సరేననకుండా, కింద వాటర్‌ప్రూఫింగ్ లేకుండా కట్టించుకోవద్దు. నవంబరు వానలో కింది గది పైకప్పు కారడం మొదలైతే మడి మొత్తం తవ్వి తీయాల్సిందే.

అడుగున నీళ్లు నిల్వ ఉండి పైకి పీల్చుకునే తొట్లు, ఊరికి వెళ్లినా నీళ్ల బాధ లేదని అమ్మేవి, ఇప్పుడు బాగా వస్తున్నాయి. మంచి నీళ్లున్న ఇంటికి అవి చాలా ఉపయోగం. ఉప్పు బోరు ఉన్న ఇంటికి మాత్రం హాని. వాటిలో నీరు కింది నుంచి పైకి మాత్రమే పోతుంది, కిందికి కారి బయటికి రాదు, ఉప్పంతా పైపొరలో తెల్లగా పేరుకుపోతుంది.

ఎవరికి ఏది

నెల్లూరులో అద్దె అపార్ట్‌మెంటు, ఒక బాల్కనీ మాత్రమే ఉన్నవాళ్లకు నాలుగు లేత రంగు ప్లాస్టిక్ కుండీలు, ఒక వెడల్పాటి ఆకుకూరల సంచి చాలు. బాల్కనీ తూర్పు వైపైతే కరివేపాకు, మిరప, పుదీనా, తోటకూర హాయిగా వస్తాయి. చేపల పులుసుకు కరివేపాకు ఇంట్లోనే ఉంటే ఆ ఆనందమే వేరు. పడమటి బాల్కనీ అయితే సగం ఎండను ఆపే షేడ్ నెట్ లేకుండా మార్చి తర్వాత ఏదీ నిలవదు, ముందు నెట్ కొని తర్వాత మొక్క కొనండి. ఉత్తరపు బాల్కనీలో కూరగాయల ఆశ వదిలి పుదీనా, తమలపాకు పెట్టుకోండి.

సొంత ఇల్లు, మిద్దె, కుళాయి నీళ్లు ఉన్నవాళ్లు పదిహేను అంగుళాల సంచులు ఆరు, పిల్లర్ల మీద సగం డ్రమ్ములు రెండు, రొయ్యల పెట్టెలు మూడు పెడితే నలుగురున్న ఇంటికి వారంలో నాలుగైదు రోజుల ఆకుకూర, అప్పుడప్పుడు పులుసులోకి కూరగాయలు వస్తాయి. ఊరంతా పంచేంత పంట ఆశించకండి.

అదే ఇంటికి ఉప్పు బోరే దిక్కయితే సంచుల సంఖ్య తగ్గించి డ్రమ్ములు పెంచండి. పాలకూర, తోటకూర, అలసంద, గోంగూరతో మొదలుపెట్టండి. వాన నీళ్లు పట్టే డ్రమ్ము ఒకటి మిద్దె గొట్టం కింద పెడితే అక్టోబరు నుంచి జనవరి దాకా మంచి నీళ్లు చేతిలో ఉంటాయి. దోమలు చేరకుండా పైన గుడ్డ కట్టండి.

కనిగిరి, మార్కాపురం వైపు పడమటి ఊళ్లలో నీళ్లే తక్కువ, తుఫాను గాలి భయం అంతగా లేదు. అక్కడ సగం డ్రమ్ములు రెండు మూడు, మట్టి పైన రెండంగుళాల మందాన ఎండు ఆకో, వేరుశనగ పొట్టో కప్పి పెంచితే తక్కువ నీళ్లతో నెట్టుకురావచ్చు. కప్పడం ఎక్కడైనా మంచిదే, అక్కడ తప్పనిసరి.

పెద్దవాళ్లు ఒంటరిగా చూసుకునే మిద్దెకైతే వంగకుండా అందే ఎత్తు ముఖ్యం. నడుము ఎత్తు ఇనుప స్టాండు మీద రొయ్యల పెట్టెలు, ఒక్క కుళాయి, పొడవాటి గొట్టం. సంచులను పక్కకు జరపాల్సిన పని పెట్టకూడదు.

ఒంగోలు, కొండపి వైపు పొగాకు కాడలు, పొడి తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి ఎరువుగానో పురుగుకనో మట్టిలో కలిపేవాళ్లున్నారు. టమాటా, మిరప, వంకాయ ఉన్న తొట్టిలో మాత్రం కలపకండి. పొగాకుకు వచ్చే మొజాయిక్ తెగులు వాటికీ అంటుకుంటుంది.

ఎప్పుడు కొనాలి

చాలామంది జూన్‌లో తొలకరి అని మొదలుపెట్టమంటారు. అది తెలంగాణ లెక్క. నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా పడేది అక్టోబరు, డిసెంబరు మధ్యే, జూన్ ఇంకా మండే నెలే. కాబట్టి తొట్లు, మట్టి మిశ్రమం జులైలో సిద్ధం చేసుకుని, ఆగస్టులో వంగ, టమాటా, మిరప నారు పోసి, సెప్టెంబరులో నాటితే పెద్ద వానలు వచ్చేసరికి మొక్క వేరు పట్టి ఉంటుంది. ఆ అదను తప్పితే డిసెంబరు చివర, వానలు తగ్గాక నాటండి. టమాటా పగటి ఎండ 35 డిగ్రీలు దాటితే పూత రాల్చేస్తుంది కాబట్టి మార్చిలోపు కాపు ముగిసేలా చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలలకు గోంగూర, బచ్చలి, బెండ ఉంచి, మిగతా తొట్లను ఖాళీగా వదిలి పైన ఎండు ఆకు కప్పి విశ్రాంతి ఇవ్వండి.

అక్టోబరు మొదటి వారంలో ఒక పూట కేటాయించి మూడు పనులు చేయండి. మిద్దె మీది వాననీటి గొట్టాల నోళ్లలో ఆకూ మట్టీ తీయడం, ప్రతి తొట్టి అడుగు రంధ్రంలో పుల్ల పెట్టి పొడవడం, పందిరి కర్రలను తాడుతో పిల్లరు చువ్వలకు కట్టడం. తుఫాను హెచ్చరిక వచ్చాక మిద్దె ఎక్కాల్సిన అవసరం ఉండకూడదు.